మూడు పండ్ల అంచు

నరసింహప్పకు జీవితంలో ఒకే ఒక్కసారి పేరొచ్చింది. అది పొరపాటున వచ్చింది. దాన్ని పోగొట్టుకోవడానికి ఆయన తన చేత్తో తానే ఉత్తరం రాసుకోవలసి వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మనిషి సంగతి చెప్పాలి.

ధర్మవరానికి పన్నెండు మైళ్ళ దూరంలో గువ్వలగుట్టపల్లి అని ఒక ఊరు. ఊళ్ళో సగం మంది పట్టు మగ్గాల మీద బతికేవాళ్ళు, మిగతా సగం వాన మీద బతకాలని చూసేవాళ్ళు. వేరుశనగల గిడ్డంగి ఒకటి పాడుబడితే దానికి రేకులు మార్చి జూనియర్ కాలేజీ పెట్టారు. నరసింహప్ప అందులో డ్రిల్లు సారు. కాగితాల మీద ఫిజికల్ డైరెక్టరు. ఆ డైరెక్టరు అన్న మాట విని నల్లమాడ దగ్గర పల్లెలో ఉన్న ఆయన తల్లి, తన కొడుకు సినిమాలు తీస్తాడని రెండేళ్ళ పాటు అందరికీ చెప్పుకుంది. 1971లో ఆయన చేరేనాటికి కాలేజీకి ఒక ఈల ఉండేది. 1978 నాటికి రెండు వాలీబాల్ బంతులు, ఒక నెట్టు కూడా చేరాయి. ఈల మాత్రం అదే.

పదహారు, పదిహేడేళ్ళ పిల్లల గురించి ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. చదువు తలలోకి పోవాలంటే ముందు దానికి ఒంట్లో దారి ఉండాలని. పొద్దున ఆరుగంటలకు గుట్ట చుట్టూ పరుగు. పరుగయ్యాక చెంబెడు నీళ్ళు, అదీ గటగటా కాదు, గుక్కగుక్కగా, నిలబడి కాదు, కూర్చుని. సోమవారం గోళ్ళు చూసేవాడు. బుధవారం పళ్ళు చూసేవాడు. శుక్రవారం చొక్కా జేబులు వాసన చూసేవాడు, బీడీల కోసం. మగ్గాల ఇళ్ళనుంచి వచ్చే పిల్లలకు మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని వీపులు వంగుతాయని, గోడకు ఆనించి నిలబెట్టి పది నిమిషాలు కదలనిచ్చేవాడు కాదు. ఆ పది నిమిషాల్లో గోడకు అతుక్కున్న వాళ్ళను చూసి దారిన పోయేవాళ్ళు ఏం తప్పు చేశారో అని జాలిపడేవారు.

అన్నిటికంటే మించి మునగాకు. ఆ సీమలో కరువు వచ్చిన సంవత్సరం, రాని సంవత్సరం అని తేడా పెద్దగా ఉండదు గాని, ఎంత కరువులోనైనా ఎవరి దొడ్లోనో ఒక మునగచెట్టు ఆకు దులుపుకుంటూ నిలబడే ఉంటుంది. రాజులకు, దండ్లకు, తహసీల్దార్లకు లొంగిన నేల అది. మునగచెట్టు మాత్రం ఎవరికీ లొంగిన దాఖలా లేదు. ప్రతి పిల్లా, పిల్లవాడూ వారానికి నాలుగు రోజులు మునగాకు తినాలని నరసింహప్ప శాసనం. తిన్నదీ లేనిదీ ఎలా తెలుసుకునేవాడంటే, అడిగేవాడు. వాళ్ళు తిన్నామనేవారు. ఆయన నమ్మేవాడు.

ఇప్పుడు చూపు గురించి ఒక మాట. చేనుకాడి మనిషికీ, మగ్గంకాడి మనిషికీ లోకంలో ఉన్న తేడా అంతా చూపులోనే ఉంది. చేనుకాడి మనిషి పుట్టింది మొదలు ఆకాశం వైపు, ఆ పై దిక్కు మబ్బు వైపు చూస్తాడు. మైలు దూరంలో పోయే గొడ్డు ఎవరిదో చెబుతాడు. చేతిలో ఉన్న సూదిలో దారం ఎక్కించమంటే మాత్రం పెండ్లాన్ని పిలుస్తాడు. మగ్గంకాడి మనిషి లోకం మూరెడు. ఆ మూరెడులో వెంట్రుక కంటే సన్నని పోగు తెగితే పట్టుకుంటాడు. మూరెడు దాటాక ఏముందో ఆయనకు అక్కర లేదు. నరసింహప్ప చేనుకాడి మనిషి కొడుకు. చూడటమంటే దూరం చూడటమేనని ఆయన అనుకునేవాడు. ఈ ఊళ్ళో దానికి వేరే అర్థం ఉందని ఆయనకు ఏడేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

రెండో సంవత్సరం ఇంటర్లో రామాంజులు అని ఒక పిల్లవాడు ఉన్నాడు. నేతగాడు పుల్లన్న కొడుకు. పొడుగరి. పొడుగరి కాబట్టి చివరి బెంచి. మొదటి సంవత్సరంలో వాలీబాల్ నెట్టు దగ్గర బాగా ఎగిరేవాడు. తర్వాత ఆట మానేశాడు. ఏమిరా అంటే తలనొప్పి సార్ అన్నాడు. లెక్కల్లో తప్పాడు. లెక్కల సారుకు వాడంటే మంట, ఎందుకంటే పాఠం చెబుతున్నంతసేపూ వాడు కళ్ళు చికిలించి తనను వెక్కిరిస్తున్నాడని ఆయన నమ్మకం. బోర్డు మీద మూడు రాస్తే వాడు పుస్తకంలో ఎనిమిది ఎక్కించేవాడు. ఎనిమిదితో చేసిన లెక్క మాత్రం ఎక్కడా తప్పు లేకుండా చేసేవాడు. పుల్లన్న కొడుక్కి గడువు పెట్టాడు. డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కలు గట్టెక్కితే సరే, లేకపోతే మగ్గం గుంటలో దిగాలి. ఇంట్లో రెండో మగ్గం మనిషి లేక ఖాళీగా ఉంది.

ఆ ఆగస్టులో జిల్లా ఆరోగ్య ఆఫీసు నుంచి కాలేజీకి చూపు పరీక్ష అట్ట ఒకటి వచ్చింది. అక్షరాలు రానివాళ్ళకు కూడా పనికొచ్చే రకం. దాని నిండా ఒకటే గుర్తు, చేలో విత్తనాలు వేసే మూడు పండ్ల గొర్రు లాంటిది, ఇంగ్లీషు E అక్షరంలా. పై వరుసలో జానెడు గొర్రు ఒకటి. కిందికి వచ్చేకొద్దీ గొర్లు చిన్నవై, ఏడో వరుసలో చీమలంత. ఒక గొర్రుకు పండ్లు పైకి ఉంటాయి, ఒకదానికి కిందికి, ఒకదానికి కుడికి, ఒకదానికి ఎడమకు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసుకుని, పండ్లు ఎటున్నాయో చెప్పాలి.

ప్రిన్సిపాలు జాగ్రత్త గల మనిషి. కొత్త వస్తువు, పిల్లలు బెదురుతారేమో, పరీక్షకు ముందు రెండు వారాలు వరండాలో తగిలించండి, అలవాటు పడతారు అన్నాడు. తగిలించారు. డ్రాయింగు సారు దానిపైన గోడమీద ‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అని అందంగా రాశాడు.

పరీక్ష రోజున యాభై ఎనిమిది మంది వచ్చారు. యాభై ఎనిమిది మందీ ఏడు వరుసలూ, రెండు కళ్ళతోనూ, ఒక్క తప్పు లేకుండా చెప్పారు. రామాంజులు అందరికంటే వేగంగా చెప్పాడు. నరసింహప్ప కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏడేళ్ళ మునగాకు ఆయన కళ్ళ ముందు మెదిలింది.

ఆఫీసుకు నివేదిక పోయింది: లోపమున్నవారు సున్న. కారణాలు అన్న గడిలో ఆయన నాలుగు వాక్యాలు రాశాడు. పరుగు, నీళ్ళు, వేళకు నిద్ర, మునగాకు. నెల తిరగకుండా మెప్పు ఉత్తరం వచ్చింది. జిల్లాలో ఇలాంటి ఫలితం మరెక్కడా లేదని, నివేదికను హైదరాబాదుకు పంపామని, డిసెంబరు మొదటి వారంలో అనంతపురంలో జరిగే ‘విద్యార్థుల ఆరోగ్యపు అలవాట్లు’ సభలో నరసింహప్ప మాట్లాడాలని. ఆయన నాలుగు వాక్యాలనూ చక్రం తిప్పే యంత్రంలో అచ్చుతీసి అన్ని కాలేజీలకూ పంపారు. యాడికి అనే ఊరి నుంచి ఎవరో ప్రిన్సిపాలు మునగ విత్తనాల కోసం కార్డు రాశాడు. భార్య వెంకటలక్ష్మమ్మ ఆ కార్డును దేవుని పటాల పక్కన పెట్టింది. కాలేజీలో ఆయనకు కుర్చీ వేశారు. అంతకుముందు బల్ల ఉండేది.

కార్తీకంలో కాలేజీ గుమాస్తా కూతురి పెండ్లి అయింది. నరసింహప్ప దంపతులు ముందు వరుసలో కూర్చున్నారు. పెండ్లికూతురు ఎర్ర పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. జరీ అంచు. నరసింహప్ప అంచు వైపు ఊరికే చూశాడు. అంచు నిండా మూడు పండ్ల బొమ్మలు. పైకి, ఎడమకు, ఎడమకు, కిందికి, కుడికి. ఆయన ఇంకోసారి చూశాడు. అలవాటు కొద్దీ ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాడు. పైకి, ఎడమకు, ఎడమకు, కిందికి, కుడికి. తర్వాత కుడి కన్ను మూసుకున్నాడు.

పెండ్లికూతురి మేనమామ బయ్యన్న దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు: “ఏమప్పా, పీటల మీద కూచున్న పిల్లకు ఒగ కన్ను సాలక రెండో కన్ను గూడ కొడతాండావే. తల నెరిసింది, సిగ్గుండల్లే.”

“నాలుగో వరుస,” అన్నాడు నరసింహప్ప.

“నాలుగో వరుసలో పోయి కూచో పో, ముందర ఎవరు కూచోమన్న్యారు?”

వెంకటలక్ష్మమ్మ ఆయన రెక్క పట్టుకుని లేపింది. పెండ్లి భోజనంలో ఆమె భర్తతో మాట్లాడలేదు. ఆయనకు ఆ విషయం తెలియలేదు. చీర ఎవరు నేశారని అడిగి తెలుసుకుంటున్నాడు.

నేసింది పుల్లన్న. మరునాడు నరసింహప్ప వెళ్ళేసరికి ఆయన మగ్గం గుంటలో ఉన్నాడు. చేతిలో పోగు నడిపే నాడె ఆగలేదు. మగ్గం మీద అదే అంచు.

“రాండి సార్. అంజనమ్మా, సారుకు చాప ఎయ్. ఏం సార్, మా వోడు ఏమన్నా చేసినాడా?”

“ఈ అంచు ఎవరిచ్చినారు పుల్లన్నా?”

“మా వోడే. నోటితో చెప్తాంటే నేను ఏసుకుంటి. చూసేదానికి బాగుండాదని బెంగుళూరు సేటు ఇంగా నాలుగు చీరలు అడిగినాడు.”

“ఇది యాడిదో తెలుసునా నీకు?”

“తెలీక ఏమి? మీ కాలేజీ పాఠం.” పుల్లన్న తెగిన పోగు ఒకటి ముడి వేసి, ముడి కొరికాడు. “రెండేండ్ల సదువులో ఇంటికి పనికొచ్చింది ఇదొగటే సార్. మీకు పున్నెముంటాది.”

నరసింహప్ప చాప మీద కూర్చుని, పుల్లన్న భార్య అంజనమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాడు. గుక్కగుక్కగా తాగడం మాత్రం మరిచిపోయాడు.

సోమవారం ఆయన గోళ్ళు చూడలేదు. అట్టను తలకిందులుగా తగిలించి యాభై ఎనిమిది మందినీ మళ్ళీ పిలిచాడు. అందరూ ఆగస్టులో చెప్పినట్టే, అదే వరుసన, ఒక్క తప్పు లేకుండా చెప్పారు. ఒక్కడు మాత్రం “సార్, అట్ట తలకిందులుగా ఉండాది” అన్నాడు. అని, పాఠం మామూలుగానే ఒప్పజెప్పాడు.

“నీకు తలకిందులుగా కనపడతాండాది గదరా. మరి పైకి అంటావేమి?”

“కనపడేది వేరే సార్, లెక్క వేరే. లెక్క ప్రకారం పైకే.”

మగ్గాల ఇళ్ళలో ఇది వింత కాదు. దీపం వెలుగులో కన్ను మోసం చేయవచ్చు. పోగు మెరుపు మోసం చేయవచ్చు. అంచుకు ఒకసారి లెక్క కుదిరితే కన్ను ఏం చెప్పినా లెక్కనే నమ్మాలని ఆ పిల్లలు పాలు తాగే నాటి నుంచి వింటూ వచ్చారు. నరసింహప్ప రామాంజులును పక్కకు పిలిచాడు.

“అందరికీ నేర్పింది నువ్వేనా?”

“అవు సార్.”

“మోసం కాదా అది?”

రామాంజులు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మోసమేంది సార్? గోడకు తగిలిచ్చినారు. రెండు వారాలు పెట్టినారు. కాలేజీలో గోడకు ఏసింది పాఠం గాకపోతే ఏముంటాది? దగ్గరికి పోయి చూసి నేర్చుకున్న్యా. అందరికీ చెప్పిచ్చినా. మీరు అడిగినారు, ఒప్పజెప్పినాం.”

“ఆడనుంచి నీకు కనపడిందా లేదా?”

“కనపడల్లని మీరు చెప్పల్యా గదా సార్. పండ్లు ఎటుండాయో చెప్పమన్న్యారు.”

 నిజానికి నరసింహప్ప అట్లాగే అడిగాడు.

ఆ మధ్యాహ్నం పాత హాజరుపట్టీ అట్టను కత్తిరించి అరచేయంత మూడు పండ్ల గొర్రు ఒకటి చేశాడు. ఒక్కొక్కరినే పిలిచి, దాన్ని వెనక దాచి, తిప్పి, ముందుకు తెచ్చి చూపించాడు. దీనికి లెక్క లేదు. పిల్లలు ఇబ్బంది పడ్డారు. లెక్క లేని పనిని ఆ ఊళ్ళో పని అనరు. అయినా ఎలాగో చూసి చెప్పారు. తొమ్మిది మంది చెప్పలేకపోయారు. రామాంజులు అయిదు అడుగుల దూరానికి వచ్చాక గాని పైకీ కిందికీ తేడా చెప్పలేదు.

తొమ్మిది పేర్లు కాగితం మీద రాసుకుని నరసింహప్ప కొత్త కుర్చీలో కూర్చున్నాడు. జిల్లా ఆసుపత్రిలో విద్యార్థులకు ఉచితంగా కళ్ళద్దాలు ఇస్తున్నారు. ఏ కాలేజీకి ఎన్ని అన్నది ఆగస్టు నివేదికల ప్రకారం తేల్చారు. గువ్వలగుట్టపల్లికి సున్న. ఆ సున్న ఆయన రాసిందే. దాన్ని మార్చాలంటే మునగాకు, మెప్పు ఉత్తరం, సభ అన్నీ దాంతోపాటే పోతాయి. రెండు రోజులు ఆయన ఆ కాగితాన్ని జేబులో పెట్టుకు తిరిగాడు. మనిషికి పేరు రావడం కంటే, వచ్చిన పేరుకు అలవాటు పడటం త్వరగా జరుగుతుంది. వెంకటలక్ష్మమ్మ సభ కోసం ఆయన తెల్లచొక్కాకు గంజి పెట్టి ఉంచింది.

ముందు పుల్లన్న ఒప్పుకుంటాడో లేదో చూద్దామనుకున్నాడు. ఒప్పుకోకపోతే ఉత్తరం రాసే అవసరమే ఉండదని లోపల ఎక్కడో ఒక చిన్న ఆశ కూడా ఉండి ఉండవచ్చు. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే నేతవీధికి వెళ్ళాడు. వీధి పొడవునా పుల్లన్న పడుగు సాగదీసి ఉన్నాడు. నలభై అడుగుల పట్టుపోగులు, ఆ చివర కర్రకు పుల్లన్న, ఈ చివర కర్రకు రామాంజులు. మధ్యలో అంజనమ్మ చిక్కులు విడదీస్తోంది. అక్కడి నుంచి పుల్లన్న చెయ్యెత్తితే ఇక్కడ రామాంజులు పట్టు సడలించాలి, చెయ్యి దించితే బిగించాలి. ఆ పని సాగుతూనే ఉంది, తప్పు లేకుండా.

నరసింహప్ప సంగతి చెప్పాడు. పుల్లన్న పడుగు వదలకుండానే ఆ చివరినుంచి కేకేశాడు: “వానికా? కండ్లు రావా? ఏం సార్, పొద్దున్నే పరాచికమా? వెంటిక సగం చేసి చూపిస్తే ఏ సగం సన్నమో చెప్తాడు వాడు!”

“దగ్గరివి కాదు పుల్లన్నా. దూరానివి.”

“దూరాన చూసేదానికి ఏముండాది సార్ ఈ ఊర్లో?”

వీధి అరుగుల మీద నవ్వులు లేచాయి. పుల్లన్న ఇంకా ఉత్సాహపడ్డాడు. “పదిహేడేండ్లకే అద్దాలు పెట్టినాడని తెలిస్తే జరీ పని ఎవురిస్తారు వానికి? ముతక చీరలు నేసుకోమంటారు. ఇదిగో చూడండి, నేను చెయ్యెత్తుతా, చూడండి.” ఎత్తాడు. రామాంజులు సడలించాడు. దించాడు. బిగించాడు. “కండ్లు రానోడు చేసే పనేనా?”

నరసింహప్ప పిల్లవాడి చేతుల వైపు చూశాడు. ముఖం వైపు కాదు. వాడు ఆ చివరి వైపు చూస్తున్నాడు గాని, కదిలేది వేళ్ళు. తండ్రి చెయ్యెత్తినప్పుడు పోగుల్లో ఒక చిన్న వదులు నలభై అడుగులూ పాకి వచ్చి వాడి వేళ్ళను తాకుతోంది. వాడు దానికి జవాబు చెబుతున్నాడు.

“రామాంజులూ, కర్ర గూటానికి కట్టేసి ఇట్ల రా,” అన్నాడు. వాడు కట్టేసి పక్కకు వచ్చి నిలబడ్డాడు. చేతులు ఖాళీ. “పుల్లన్నా, నువ్వు గూడ వదిలేసి నిలబడు. ఏం మాట్లాడాకు. చేత్తో వాన్ని పిలువు.”

పుల్లన్న నవ్వుతూ చెయ్యెత్తి రమ్మని పిలిచాడు. రామాంజులు నిలబడ్డాడు. పుల్లన్న మళ్ళీ పిలిచాడు. రెండు చేతులూ ఊపి పిలిచాడు. పిల్లవాడు తండ్రి వైపే చూస్తూ, కళ్ళు చికిలించి, ఎవరైనా ఏమైనా చెబుతారేమోనని నిలబడే ఉన్నాడు.

“సార్,” అన్నాడు కాసేపటికి మెల్లగా, “మా నాయన పిలుస్తాండాడా?”

అరుగుల మీద నవ్వులు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు. పుల్లన్న చేతులు దించి, పడుగు పక్కనే నడుస్తూ నలభై అడుగులూ వచ్చాడు. కొడుకు ముందు నిలబడ్డాడు. వాడిని చూడకుండా నరసింహప్పను చూశాడు.

“సంతలో ఎన్నో తూర్లు పిలిచినా సార్. రాడు. సదువుకున్న గర్వం అనుకుంటి.” ఆగాడు. “కొట్టినా గూడ.”

అంజనమ్మ చిక్కు విడదీస్తున్న చోటే కూర్చుండిపోయింది. “ఆ సదువు గర్వమే అని నేను గూడ అంటి,” అంది పడుగుతో.

“మగ్గం మీద అద్దాలు అక్కర్లే పుల్లన్నా,” అన్నాడు నరసింహప్ప. “ఇంట్లో పెట్టొద్దు. కాలేజీలోనే. ముతక చీరల మాట రాదు.”

పుల్లన్న పోయి తన కర్ర పట్టుకున్నాడు. రామాంజులు తన కర్ర విప్పుకున్నాడు. పని మళ్ళీ మొదలైంది. ఈసారి పుల్లన్న చెయ్యెత్తలేదు. “సడలించు,” అని నోటితో చెప్పాడు.

నరసింహప్ప ఇంటికి పోయి ఉత్తరం రాశాడు. ఆగస్టు నెల నివేదిక తప్పు అని, పిల్లలు అట్టను కంఠస్థం చేశారని, లోపమున్నవారు సున్న కాదు తొమ్మిదని, ఆ తొమ్మిది మందికీ అద్దాలు మంజూరు చేయవలసిందని. పంపాక వారం ఎదురుచూశాడు. జవాబు రాలేదు. సభ ఆహ్వానపత్రిక మాత్రం అచ్చయి వచ్చింది, ఆయన పేరుతో, ‘మునగాకు – దృష్టి’ అన్న శీర్షికతో.

సభ రోజున తొమ్మిది మందినీ వెంటబెట్టుకుని ఆయన అనంతపురం బస్సెక్కాడు. హాలు బయట ఆఫీసరు ఆయనను పక్కకు తీసుకుపోయాడు.

“మీ ఉత్తరం అందింది,” అన్నాడు ఆఫీసరు. “అంకెలు హైదరాబాదుకు పోయాయి. పోయిన అంకెలు వెనక్కి రావు. మీరు మునగాకు గురించి మాట్లాడండి. అట్ట జోలికి పోకండి.”

“మరి అద్దాలు సార్?”

“వచ్చే సంవత్సరం నివేదికలో రాయండి. చూద్దాం.”

వచ్చే సంవత్సరానికి రామాంజులు మగ్గం గుంటలో ఉంటాడు. నరసింహప్ప లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. గంజి చొక్కా మెడ దగ్గర కోసుకుంటోంది. ఆయన వంతు వచ్చేసరికి ముందు ఇద్దరు మాట్లాడారు, ఇద్దరూ మునగాకును పొగిడారు. ఆయన మైకు దగ్గరికి వెళ్ళి, దాన్ని తన ఎత్తుకు వంచడానికి కొంత సమయం తీసుకున్నాడు.

“అందరికీ నమస్కారం. మా కాలేజీలో యాభై ఎనిమిది మందికి చూపు బాగుందని నేను రాసినా. అది తప్పు. అట్టను రెండు వారాలు గోడకు తగిలిచ్చినాం. పిల్లలు నేర్చుకున్న్యారు. వాళ్ళు చూడలేదు, ఒప్పజెప్పినారు. తప్పు వాళ్ళది కాదు, తగిలిచ్చినవాళ్ళది. మీ కాలేజీల్లో ఎవరన్నా ముందుగా తగిలిచ్చి ఉంటే ఇంగోసారి చూడండి. అట్టతో వద్దు, ఇట్ల చెయ్యండి.” జేబులోంచి హాజరుపట్టీ గొర్రు తీసి, పైకి, పక్కకు తిప్పి చూపించాడు. “మాకు తొమ్మిది మంది తేలినారు. వాళ్ళు ఆ వెనక బెంచీలో ఉండారు.”

 వేదిక మీద ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు. అప్పుడు సభలోంచి ఒక పెద్దాయన లేచి, “అయితే మునగాకు సంగతి?” అని అడిగాడు. బహుశా దొడ్లో చెట్లు నాటించినాయన.

“మునగాకు మంచిదే సార్,” అన్నాడు నరసింహప్ప. “మేము తింటాం. కండ్లు వేరే.”

దిగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వేదిక చివర కూర్చుని అంతవరకూ కునుకు తీస్తున్నట్టు కనిపించిన ఆసుపత్రి కంటి డాక్టరు ఒకాయన లేచి, వెనక బెంచీ దగ్గరికి నడిచి, “తొమ్మిది మందీ లేవండి” అన్నాడు. ఆయన మంజూరు కాగితాల కోసం ఎవరినీ అడిగినట్టు లేదు. సాయంత్రానికి తొమ్మిది చీటీలు రాసిచ్చాడు. పదో రోజున అద్దాలు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. ఫ్రేములన్నీ ఒకటే కొలత, నడివయసు మనుషుల తలకు సరిపోయేవి. రామాంజులు ముక్కుమీద నిలవకపోతే అంజనమ్మ రెండు వైపులా పట్టుపోగు కట్టి చెవుల వెనక ముడి వేసింది. ఎర్ర పోగు. కాలేజీలో నాలుగు రోజులు నవ్వారు. అయిదో రోజుకు మిగతా ఎనిమిది మందీ తమకు కూడా కట్టించుకున్నారు.

నరసింహప్పకు సంజాయిషీ అడుగుతూ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సంజాయిషీ రాశాడు. ప్రిన్సిపాలు ఆ కుర్చీని లైబ్రరీకి అవసరమని తీసుకుపోయాడు. వెంకటలక్ష్మమ్మ యాడికి కార్డును దేవుని పటాల పక్కనుంచి తీసి, పాలవాడి చీటీల వెనక పెట్టింది. బయ్యన్న మాత్రం ఎక్కడ కనిపించినా ఒక కన్ను మూసి పలకరిస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత పదేళ్ళ ఉద్యోగంలో ఏ సభకూ నరసింహప్పను ఎవరూ పిలవలేదు. ప్రతి ఆగస్టులో ఆయన చేతి గొర్రుతో పిల్లలందరినీ ఒక్కొక్కరినే చూసేవాడు. ప్రతి ఏడూ అయిదో ఆరో తేలేవారు.

ఆ ఏడు డిసెంబరు ఇరవైన అర్ధసంవత్సర పరీక్షలు మొదలయ్యాయి. సెలవుల తర్వాత లెక్కల మార్కులు తెలిశాయి. రామాంజులుకు నలభై ఒకటి, గట్టెక్కాడు. లెక్కల సారు ఆ కాగితం మీది మార్కులను రెండుసార్లు కూడి చూశాడు. ఆ సాయంత్రం నరసింహప్ప గ్రౌండులో నెట్టు చిరుగులు కుట్టుకుంటుంటే పుల్లన్న వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. చాలాసేపు నెట్టు వైపు చూశాడు.

“ముడి అట్ల కాదు సార్,” అని దారం లాక్కుని తానే వేశాడు. రెండు ముడులు వేశాక అన్నాడు: “మార్చి దాకా పంపుతా. ఆ రెండో మగ్గం పనికి మా బామ్మర్ది వస్తా అన్న్యాడు. ఇంటరు పరీక్ష గానీ, తర్వాత చూస్తాం.”

“సరే,” అన్నాడు నరసింహప్ప. “రేపటినుంచి పొద్దున్నే ఆరింటికి పరుగుకు పంపు. ఆట మానేసి ఏడాది అయింది, కాళ్ళు పట్టుకుపోయింటాయి.”

పుల్లన్న మూడో ముడి కొరికాడు. “అది మాత్రం కుదర్దు సార్. పొద్దున్నే మగ్గానికి మనిషి కావల్ల. బామ్మర్ది ఎనిమిదికి గానీ లెయ్యడు.”

“ఆరున్నర?”

“ఏడు.”

“ఏడింటికి ఎండొస్తాది పుల్లన్నా.”

“ఆరుముక్కాలు. మీ మాటా వద్దు, నా మాటా వద్దు. మళ్ళ ఏడున్నరకంతా ఇంట్లో ఉండల్ల.”

నరసింహప్ప ఒప్పుకున్నాడు. పుల్లన్న నెట్టు మొత్తం కుట్టి గాని లేవలేదు.